ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు

శనివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి గిరిజ ఒకటే ప్రశ్న అడుగుతోంది. పదింపావు అయినా జవాబు రాలేదు.

"శ్రీశైలం పాట మీరు మొట్టమొదలు ఏ రోజు విన్నరు?"

తారీఖు చెబితే అయిపోయే ప్రశ్న. కానీ కోరుట్లలో కిషన్ రావు ఇంటి మూడో అంతస్తులో ఆమె ఎదురుగా కూర్చున్న ఇద్దరూ తారీఖు చెప్పే రకం మనుషులు కారు.

"రోజు ముఖ్యం కాదు మేడం. ఏ ఆల్బమ్‌తోటి మొదలువెట్టిన్రు అన్నది ముఖ్యం," అన్నాడు విశ్వజిత్. పసుపు వ్యాపారి కిషన్ రావుకు ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఆరేళ్లుంటాయి. శ్రీశైలం అభిమానులు నలభై వేల మంది ఉన్న గ్రూపుకు అతనే పెద్ద.

"మొదటిదాంతోనే మొదలువెట్టాలె. 'ఎనిమిది సాంచలు' వినకుంట 'మానేరవుతల' విన్నోళ్లకు ఏం సమజైతది?" అంది పక్కనున్న సుస్మిత. అదే గ్రూపులో అతనికి ఎదురు వర్గానికి ఆమె పెద్ద. మెట్‌పల్లిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుందట. ఆ పిల్లల మీద గిరిజకు జాలి కలిగింది.

"'ఎనిమిది సాంచలు' నేర్చుకునేటోని పని. అండ్ల ఇంకా గొంతు తెరుచుకోలే."

"గొంతు తెరుచుకున్నంక పాట మూసుకపోయింది. గదే నీ రెండో ఆల్బమ్."

గిరిజ నెత్తి పట్టుకుంది. ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఎస్సైగా ఉండగా రాజీనామా పడేసి, జగిత్యాలలో విత్తనాల దుకాణం మీది గదిలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. ఇన్నేళ్లలో దొంగలను అడిగింది, తాగుబోతులను అడిగింది. వాళ్లు నయం. అబద్ధమైనా సూటిగా చెబుతారు.

బతికున్నన్నాళ్లు శ్రీశైలం పాట విన్నవాళ్లు మొత్తం నూట పన్నెండు మంది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో కార్మికుడు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచ నడుపుకుంటూ పాడి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, తన చానల్లో పెట్టుకునేవాడు. రెండు ఆల్బమ్‌లు, పదిహేడు పాటలు. ఫిబ్రవరి పదకొండు, మంగళవారం పన్నెండూ పదికి ఆ చానల్లో పద్దెనిమిదో పాట వచ్చింది. పేరు 'పోతున్న'. సాయంత్రం అయిదున్నరకు ధర్మపురి దిగువన గోదావరిలో అతని శవం తేలింది. ఆ తర్వాత ఎవరో ఆ పాట ముక్క ఒకటి రీల్‌గా పెట్టారు. ఇప్పుడు వినేవాళ్లు నాలుగు లక్షలు. ఇంతమందికీ అతను చచ్చిపోయాకే చెవులొచ్చాయని గిరిజకు ఒళ్లు మండుతుంది.

ఎనిమిది రోజుల కింద శ్రీశైలం చెల్లెలు రాధిక ఆమె ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఆ పిల్ల అడిగింది ఒక్కటే. పోలీసు ఫైలులో ఒక వాక్యం ఉంది: 'తల్లి మందలించడంతో మనస్తాపానికి గురై'. "గా ఒక్క ముక్క తీసేపియ్యాలె మేడం. మా అవ్వ గది తల్సుకొని తల్సుకొని సచ్చిపోయేటట్టున్నది," అంది. సోమవారం ఆ ఫైలు మూతపడుతుంది. చేతిలో ఉన్నవి రెండు రోజులు, అందులో ఒక పూట, శ్రీశైలం గురించి తమకే అంతా తెలుసనే ఈ ఇద్దరి పాలైంది.

"విశ్వజిత్," అంది గిరిజ, గొంతు పెంచి. "తారీఖు."

"ఫిబ్రవరి ఇరవై మూడు. ఆయన పోయిన పన్నెండు రోజులకు. రీల్ చూసి."

"అంతకుముందు పేరు కూడ తెల్వదు?"

"తెల్వదు మేడం. నా జీవితంల పెద్ద బాధ గదే. బతికుండంగ వినకపోతి."

"సిరిసిల్లకు ఎన్నడన్న పోయినవా?"

"పోలే. పోవద్దనుకున్న. కళాకారుని ఊరు చూస్తె పాట పల్చనైతది."

"ఫిబ్రవరి పదకొండు నాడు ఎక్కడున్నవ్?"

"ఇంట్లనే. జరమొచ్చింది."

"తొమ్మిది నెలల కిందటి మంగళవారం నాటి జరం యాదికున్నదా?"

"ఆయన పోయిన రోజు గదా మేడం."

"ఆయనెవరో నీకు అప్పటికి తెల్వదంటివి."

"తర్వాత లెక్క చూసుకున్న. ఆయన పోయిన రోజు నేనేం చేస్తున్ననో అని. మా గ్రూపుల అందరు చూసుకున్నరు."

అదీ నిజమే కావచ్చు. ఈ గ్రూపువాళ్లు అంతకంటే విచిత్రమైనవే చేస్తారు. ఎదుటి గోడ మీద నిలువెత్తు చార్టు అందుకు సాక్ష్యం. పదిహేడు పాటలు, ఒక్కోదానికి ఎదురుగా నిమిషాలు, సెకన్లు. మూడు నలభై ఎనిమిది. నాలుగు రెండు. నాలుగు పదకొండు. మూడు యాభై ఆరు. అన్నిటికంటే కింద, ఆకుపచ్చ రంగులో: 'పోతున్న', ఆరు పన్నెండు.

"ఇదేంది?"

ఆ మాట అడగడమే తప్పైంది. ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. పదిహేడు పాటలూ నాలుగు నిమిషాలకు అటూ ఇటూగా ఠక్కున తెగిపోతాయట, కొన్నయితే వాక్యం మధ్యలోనే. తెగేముందు 'టక్' అని ఒక చప్పుడు. అది చావు తలుపు కొట్టిన చప్పుడని విశ్వజిత్ సిద్ధాంతం. కాదు, కార్మికుని మాటను లోకం మధ్యలో తెంపేస్తుందనే నిరసన అని సుస్మిత వాదన. దీని మీద గ్రూపులో రెండు వందల పోస్టులున్నాయి. చివరి పాట ఒక్కటే తెగకుండా, నెమ్మదిగా, పూర్తిగా ముగుస్తుంది. కాబట్టి అప్పటికే అతను చావుకు సిద్ధపడ్డాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. గంటలో వాళ్లు ఏకమైన మాట అదొక్కటే.

గిరిజ చార్టును ఫోటో తీసుకోబోయింది. "నన్ను గూడ రానియ్యున్రి మేడం, రేపు మా గ్రూపు సభల పెడ్త," అని విశ్వజిత్ జుట్టు సవరించుకుని చార్టు పక్కన నిలబడ్డాడు. తీసింది.

"రేపటి సభకు శ్రీశైలం వాళ్ల అవ్వను పిలుస్తున్నం మేడం," అంది సుస్మిత. "స్టేజి మీద 'పోతున్న' వేస్తం. ఆమె పక్కన నిలవడ్తది."

"నేను వద్దంటున్న," అన్నాడు విశ్వజిత్, మొదటిసారి గట్టిగా. గిరిజ లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చాడు. "మేడం, మీరు సిరిసిల్లకు పోతరు గదా. అమ్మకు మాత్రం గా పాట వినిపియ్యకున్రి. పాపం, తట్టుకోలేదు."

ఈ పొద్దున ఆమె విన్న మొదటి తెలివైన మాట అదే అనిపించింది గిరిజకు. ఆ సంగతి తర్వాత తలుచుకుని ఆమె తనను తాను చాలాసేపు తిట్టుకుంది.

జగిత్యాల చేరేసరికి పదకొండూ ఇరవై. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కార్తికేయ హోటల్లో ఇడ్లీ తింటూ దొరికాడు. పన్నెండేళ్ల కింద అతను కొత్తగా చేరినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. రాయడం నేర్పింది గిరిజే. ఇప్పుడు అతను ఆమెను చూసి లేవలేదు, కుర్చీ మాత్రం కాలితో జరిపాడు.

"రా అక్కా. ఇడ్లి తింటవా?"

"అక్క ఎవలు? మేడం అనుకుంట సెల్యూట్ కొట్టేటోనివి."

"అప్పుడు నువ్వు డిపార్ట్‌మెంట్ల ఉంటివి."

ఫైలు నకలు బల్ల మీద పెట్టాడు. మొన్నటిదాకా ఇవ్వనని అన్నవాడు ఇచ్చాడంటే, అందులో తనకు భయపడాల్సినదేమీ లేదని అతని ధీమా. గిరిజ తిప్పింది. నాలుగో పేజీలో ఆగిపోయింది.

"కార్తికేయా, ఇదేంది? కేసు ఫైలుల అభిమాని రాసిన పోస్టు అతికిచ్చినవా?"

"దాంట్ల తప్పేమున్నది? చదువుకున్న పిలగాడు రాసిండు. 'మిగతా పాటలన్నీ తెగిపోతాయి, ఇది మాత్రం ముగుస్తుంది, కవి వీడ్కోలు చెబుతున్నాడు.' ఇంతకంటె మంచిగ మన స్టేషన్ రైటర్ రాస్తడా?"

"రాసిన పిలగాడు విశ్వజిత్."

"ఔ. మస్తు సహకరిస్తున్నడు."

గిరిజకు చిర్రెత్తుకొచ్చింది. నాలుగు లక్షల మంది పనిలేక పాటకు అర్థాలు వెతుక్కుంటే వెతుక్కోనీ. పోలీసువాడు దాన్ని తీసుకొచ్చి సాక్ష్యంగా కుట్టుకోవడమేమిటి?

"సరే, టైములు చెప్పు," అంది.

"పొద్దున తొమ్మిదింటికి తల్లి తిట్టింది. పాటలు పాడుకుంట సాంచలు బందు వెడ్తున్నవని. తొమ్మిదీ ఇరవైకి ఎవడో దోస్తు బండి మీదొస్తె ఎక్కి పోయిండు. పన్నెండు గొట్టంగ షెడ్డుల అందరు బువ్వకు పోయిన్రు. గప్పుడు మల్లొచ్చి పాడిండు, రికార్డు చేసిండు, పన్నెండూ పదికి చానల్ల పెట్టిండు. బస్సెక్కి మూడున్నరకు ధర్మపురి చేరిండు. నాలుగు లోపల పానం పోయిందని డాక్టరు రాసిండు. నిమిషాలతో సహ అతికింది."

"పన్నెండింటికి మల్లొచ్చింది ఎవలు చూసిన్రు?"

"ఎవలు చూడాలె? పాట ఇను. ఎన్కనుంచి సాంచ చప్పుడు వినొస్తలేదా? షెడ్డుల లేకపోతే సాంచ ఎక్కడిది?"

"బండి మీద అచ్చిన దోస్తు ఎవలు?"

"తెల్వదు. ముసలమ్మ చూసిందంట, పేరు తెల్వదంట. సిరిసిల్లల బండి ఉన్న పిలగాండ్లు ఎంతమందో లెక్కవెడ్తవా?"

"ఫోను?"

"గోదాట్ల పోయింది. పాట కాపీ పెన్ డ్రైవ్‌ల ఏసి, సీలేసి ఫైలుకు కట్టిన. కోర్టుకు గది చాలు." చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. "అక్కా, సోమవారం ఫైనల్ రిపోర్టు పోతది. నువ్వు ఎండల తిరుగుడు బందు వెట్టి మంచిగ ఇంట్ల కూసో."

"గా 'తల్లి మందలించడంతో' అన్న ముక్క తీసెయ్. ఆమె బతికున్నది ఇంకా."

"కారణం లేకుంట ఆత్మహత్య ఎట్ల రాయాలె? ఫార్మాట్ నువ్వు నేర్పినదే గదా."

ఆ ఫార్మాట్ నేర్పింది నిజంగానే గిరిజ. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. టీ తాగకుండానే కారెక్కింది.

సిరిసిల్లలో లక్ష్మీరాజం షెడ్డు ముందు ఆగేసరికి ఒకటీ నలభై. షెడ్డులో ఎనిమిది సాంచలూ ఆగి ఉన్నాయి. భోజనాలకు పోయిన కార్మికులు ఇంకా తిరిగి రాలేదు. ముందరి వసారాలో రాధిక, సాంచలకు నూలు కండెలు చుట్టే మిషను, ఆ మిషను పక్కన గోడకు ఆనుకుని తల్లి పోశవ్వ. మిషను మీద దుమ్ము పేరుకుని ఉంది. ముప్పై ఏళ్లు ఈ షెడ్డుకు పోశవ్వే కండెలు చుట్టింది. తొమ్మిది నెలలుగా దాన్ని ముట్టుకోలేదు. లక్ష్మీరాజం వేరేచోటి నుంచి తెప్పించుకుంటున్నాడు.

"శ్రీశైలం ఎక్కడ పాడేటోడు?" గిరిజ అడిగింది.

షెడ్డు ఆసామి లక్ష్మీరాజం అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లు సాంచల మధ్య బతికి చెవులు సగం పోగొట్టుకున్నాడు. రెండోసారి అరిచి అడిగితే తలూపాడు. "గదే, మూల సాంచ. బువ్వ యాళ్లకు అన్నీ బందు వెట్టి గదొక్కటి నడిపేటోడు. డోలుకు బదులు అంట! నేను శాన తిట్టిన. కరెంటు దండుగ గదా."

మూల సాంచ పక్కన గోడకు ఒక మేకు, దాని మీద ఇనుప తీగతో చేసిన చిన్న కొక్కెం. ఫోను పెట్టుకోవడానికి అతను చేసుకున్నది. మేకుకూ సాంచకూ మధ్య మూడడుగులు. నేలను, కిటికీని, తలుపు గొళ్లేన్ని కార్తికేయ మనుషులు చూశారని ఫైలులో ఉంది. ఆ మేకు సంగతి లేదు.

"ఒకసారి నడుపున్రి," అంది.

లక్ష్మీరాజం కొత్త కండె తీసి, నూలును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టి మీట తోశాడు. సాంచ అందుకుంది. నాడె అటుపోతూ ఇటువస్తూ కొడుతుంటే నేల కదిలింది. గిరిజ గడియారం చూస్తూ నిలబడింది. ఒక నిమిషం. రెండు. మూడు. ఎందుకు చూస్తోందో ఆమెకే సరిగ్గా తెలియదు. పొద్దున్నుంచి ఆ చార్టు అంకెలు బుర్రలో తిరుగుతున్నాయి, అంతే.

నాలుగు నిమిషాల నాలుగు సెకన్లకు సాంచ 'టక్' అని ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏమైతది? కండె ఐపోయింది. నూలు ఐపోతే సాంచ దానంతటదే ఆగుతది. కొత్త కండె పెట్టాలె, మల్ల నడుపాలె. దినమంత గదే పని."

గిరిజ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు వందల పోస్టులు! చావు తలుపు కొట్టడం, లోకం మాట తెంపేయడం! కండె అయిపోయింది, నాయనా. సాంచ ఆగిపోతే డోలు ఆగిపోయినట్టే. ఆసామి చూస్తే తిడతాడని ఆ కుర్రాడు పాట అక్కడే వదిలేసి కండె మార్చుకోవడానికి పోయాడు. పదిహేడు పాటల నిడివీ ఒక కండె నూలు. ఆ కండె చుట్టింది ఎవరో కాదు, వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆ తల్లి. నలభై వేల మందిలో ఒక్కడంటే ఒక్కడు ఈ షెడ్డులో నాలుగు నిమిషాలు నిలబడి ఉంటే తెలిసేది.

వెంటనే నవ్వు ఆగిపోయింది. మరి ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు?

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'పోతున్న' మొదటి నుంచి చివరిదాకా విన్నది. సాంచ చప్పుడు ఎక్కడా ఆగలేదు. నాలుగో నిమిషం దగ్గర కాదు, అయిదో నిమిషం దగ్గర కాదు. 'టక్' అన్నది లేనే లేదు. ఫోను లక్ష్మీరాజం చెవి దగ్గర పెట్టింది. అతను కళ్లు మూసుకుని విని తల అడ్డంగా ఊపాడు. "సాంచ చప్పుడే. ఇంకేం తెలుస్తలేదు బిడ్డ. నా చెవులకు అన్నీ ఒక్కతీర్గనే ఉంటయి."

కార్తికేయకు చెబితే ఏమంటాడో ఆమెకు ముందే తెలుసు. రెండు ముక్కలు అతికించాడు అక్కా, ఫోన్లో అన్నీ అవుతాయి, అంటాడు. చెవులున్న మనిషి ఒకరు కావాలి. ఈ సాంచల చప్పుడు ఎరిగి, చెవులు మిగిలిన మనిషి.

గిరిజ వసారా వైపు చూసింది. రాధికకు అర్థమైంది. పిల్ల అడ్డంగా వచ్చి నిలబడింది.

"వద్దు మేడం. అవ్వకు వినిపియ్యద్దు. ఇన్నొద్దులు ఎవ్వరం వినిపియ్యలే. మా గల్లీల ఎవలన్న గా పాట పెడ్తె నేనే ఉరికి పోయి బందు చేపిచ్చిన."

"నాకు తెల్సు, రాధికా. నేను గూడ వద్దనే అనుకున్న."

"మరెందుకు?"

ఎందుకో గిరిజ చెప్పబోయేలోపు పోశవ్వ లేచి వచ్చింది. తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"గండ్ల నన్ను తిట్టిండా బిడ్డ?"

"లేదవ్వా," అంది రాధిక.

"మరెందుకు దాస్తున్నరు? తొమ్మిది నెలల సంది అందరు ఇనవట్టిరి. నా కొడుకు నాకేం చెప్పి పోయిండో నేను తప్ప ఊరంత ఇన్నది. పెట్టు మేడం. ఏమున్నా నేనింట."

గిరిజ ఇయర్‌ఫోన్లు తీసేసి ఫోను సౌండు పెంచింది. తప్పు చేస్తున్నానా అని చెయ్యి ఒకసారి వెనక్కి పోయింది. అయినా నొక్కింది.

*పోతున్ననే అవ్వా, పొద్దెక్కకముందే
పోగు తెగినకాడ ముడి ఏసి పోతున్న…*

రాధిక మొహం కొంగులో దాచుకుంది. పోశవ్వ ఏడవలేదు. మొదటి చరణం అయ్యేసరికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఫోను దగ్గరికి వంగింది. రెండో చరణంలో చెయ్యెత్తి, గాలిలో వేలితో ఏదో లెక్క వేసింది. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లూ ఆ వేలు ఆగలేదు.

"గిది మన సాంచ కాదు," అంది.

"ఏంది అవ్వా?"

"దీంట్ల కండె లేదు. మన సాంచల నాడె అటువోయేటప్పుడు ఒక సప్పుడు, ఇటొచ్చేటప్పుడు ఒక సప్పుడు. కండె ఖాళీ అయినకొద్ది సప్పుడు పల్చనైతది. ముప్పై ఏండ్లు ఇన్న నేను. గిది ఒక్కతీర్గ, బిరాన బిరాన కొడ్తున్నది. గివి నాడె లేని కొత్త సాంచలు."

"గసొంటివి సిరిసిల్లల ఎక్కడున్నయి?"

"ఇప్పుడు ఇంకా నాలుగైదు తావుల అచ్చినయంట. గప్పుడు ఒక్కటే షెడ్డు. సంకురాత్రి ఎల్లినంక ఇంకింత పని దొరుకుతదేమోనని నేనే పోయిన ఆడికి. గీ సాంచలకు కండెలతోని పనిలేదు, పో అన్నరు. గేటు కాడ నిలవడి శానసేపు ఇన్న గా సప్పుడు. నా బువ్వ తీసిన సప్పుడు నేనెట్ల మర్సిపోత?"

"ఎవల షెడ్డు అవ్వా?"

"కోరుట్ల కిషన్ రావు దొరది."

పొద్దున గిరిజ ఎక్కిన మెట్ల పక్కన, గేటు మీద రాతి పలకపై ఆ పేరే ఉంది. సిరిసిల్లకు ఎన్నడూ పోలేదన్నాడు ఆ ఇంటి కొడుకు. తండ్రి షెడ్డు ఉన్న ఊరికి!

ఫోటోలు తెరిచి చార్టు ఫోటో పోశవ్వ ముందు పెట్టింది. "గీ పిలగాన్ని ఎన్నడన్న చూసినవా?"

పోశవ్వ ఎక్కువసేపు చూడలేదు. "గీ పిలగాడే గదా! బండి మీద అచ్చింది. అవ్వా, రెండింటికి బువ్వకస్త అని నవ్వుకుంట బండెక్కిండు నా కొడుకు. ఎక్కెటప్పుడు గీ పిలగాడు నాకు దండం గూడ పెట్టిండు."

రాధిక వంగి ఫోటో చూసింది. "విశ్వజిత్ అన్ననా? రేపటి సభకు పొద్దున గూడ ఫోన్ చేసిండు మేడం. అవ్వను తీస్కరాకు, నువ్వొక్కదానివే రా అన్నడు."

"నవ్వుకుంట పోయిండంటివి," అంది గిరిజ పోశవ్వతో, నెమ్మదిగా. "గది పోలీసులకు చెప్పినవా?"

"ఎవలడిగిన్రు? తిట్టినవా అని అడిగిన్రు. తిట్టిన అన్న. రాసుకున్నరు." పోశవ్వ ఫోను వైపే చూస్తోంది. "ముడి ఏసి పోతున్న అన్నడు గదా బిడ్డ. పని దిగేటోడు తెగిన పోగుకు ముడి ఏసే దిగుతడు, మల్ల తెల్లారి అచ్చి నడుపుకోవాలని. మొత్తానికే ఇడిసిపెట్టి పోయెటోనికి ముడితోని ఏం పని?"

ఆ వాక్యాన్ని చావు పాట అన్నారు అందరూ. గిరిజ కూడా అదే అనుకుంది. తొమ్మిది నెలలు నాలుగు లక్షల మంది విన్నారు, ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విన్నాడు, ఎనిమిది రోజులుగా తను విన్నది. విని అర్థం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి అందరూ కలిసి, జాలిపడి, వినిపించకుండా ఉంచారు. గిరిజకు తన మీదే అసహ్యం వేసింది.

"మల్లొకసారి పెట్టు బిడ్డ," అంది పోశవ్వ. ఇప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇందాక సాంచనే ఇన్న. ఇప్పుడు వాన్ని ఇంట."

గిరిజ పాట మీద నొక్కింది. తెర మీద తెల్లటి చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. 'ఈ పాటను చానల్ యజమాని తొలగించారు.'

ఇంకోసారి నొక్కింది. అదే మాట. చానల్లోకి పోయి చూసింది. పదిహేడు పాటలున్నాయి. పద్దెనిమిదోది లేదు. టైము రెండూ నలభై మూడు.

"రాధికా, మీ అన్న చానల్ ఎవల చేతుల ఉన్నది?"

"ఎవల చేతుల లేదు మేడం. అన్న ఫోన్లనే ఉండె. పాస్‌వర్డ్ అన్నకు తప్ప ఎవ్వరికి తెల్వదు. గా ఫోను గోదాట్ల పోయిందన్నరు గదా."

గోదావరిలో పోయిన ఫోను పాటలు తీసెయ్యదు. ఇప్పుడు తీసేసినవాడే ఆ రోజు పన్నెండూ పదికి పెట్టి ఉండవచ్చు కూడా. కాపీలు ఎవరెవరి దగ్గరో ఉంటాయి, కానీ కోర్టు నమ్మేది ఒక్కదాన్నే, ఫైలుకు కట్టిన ఆ సీలు పెన్ డ్రైవ్‌ను. మూడు గంటల కింద కసిరి వచ్చిన మనిషికే ఫోను చెయ్యక తప్పలేదు గిరిజకు.

"చెప్పక్కా," అన్నాడు కార్తికేయ, తీరిగ్గా.

"కార్తికేయా, చెప్పింది చెయ్, ఎందుకని అడగకు. శ్రీశైలం ఫైలుల పెన్ డ్రైవ్ తీసి నీ జేబుల పెట్టుకో. ఎవ్వలకియ్యకు."

"గదేంది, ఇప్పుడే సీల్ తీసి ఇచ్చిన. రేపు సభల ఒరిజినల్ వినిపిస్తరంట, కాపీ చేసుకొని ఇస్తనన్నడు. లాప్‌టాప్‌కు పెట్టుకున్నడు కూడ."

"ఎవలు?"

"విశ్వజిత్. ఇగో, నా ముంగటనే కూసున్నడు. మాట్లాడుతవా?"

వద్దు అనేలోపే ఫోను చేయి మారిన చప్పుడైంది. గిరిజ పక్కన పోశవ్వ ఇంకా తెర వైపే చూస్తూ, పాట ఎప్పుడు మొదలవుతుందా అని నిలబడి ఉంది.

"మేడం," అన్నాడు విశ్వజిత్, చాలా మర్యాదగా. "అమ్మ పాట విన్నదా?"